అద్దానికి ఇటువైపు

ఆ సాయంత్రం ఆ ఇంట్లో నవ్వులే నవ్వులు. ఇంటావిడ తన చెల్లెలి మొగుడి కథ చెబుతోంది. ఆయనకి నడుము నొప్పి. డాక్టరు ఎమ్మారై స్కానింగు రాశాడు. పాపం బల్ల మీద పడుకున్నాడట. బల్ల మెల్లగా గొట్టంలోకి కదిలిందో లేదో, కాళ్లు టపటపా కొట్టుకుని, ఆస్పత్రి వాళ్లిచ్చిన గౌనుతోనే వరండాలోకి వచ్చి పడ్డాడట.

"వెనకాల ముడులు కూడా లేవట," అని ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అంత పొడుగు మీసాలు ఎందుకో ఆ మనిషికి."

కొడుక్కి పొలమారింది. కొత్తకోడలు టీ కప్పు కింద పెట్టి మరీ నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు మాత్రం ఇంటి పెద్ద, లిఫ్టు మేస్త్రి.

ఆయన నవ్వును ఒక్కసారి జాగ్రత్తగా చూడండి. వారం కిందట అలాంటి గొట్టంలోంచే ఆయన కూడా లేచి వచ్చేశాడు. గౌను మార్చుకుని, జుట్టు దువ్వుకుని, ఇంటికొచ్చి "అయిపోయింది, రిపోర్టు రావాలి" అన్నాడు. తోడల్లుడికి, ఈయనకి ఉన్న తేడా ఆ దువ్వెన ఒక్కటే. భయాన్ని వెక్కిరించే ఇంట్లో భయం ఎక్కడికీ పోదు. ఇలా అందరితో కలిసి నవ్వుతూ కూర్చుంటుంది.

ఆయన స్కానింగుకి వెళ్లడానికి ఒక కారణం ఉంది. కొన్నాళ్లుగా కుడిచేతి వేళ్లు మొద్దుబారుతున్నాయి. ఒకరోజు లిఫ్టు గోతిలో, ఎత్తున ఇనుప దూలం మీద నిలబడి నట్టు బిగిస్తుంటే చేతిలోంచి పానా జారింది. కింద పనిచేస్తున్న కొడుకు భుజం పక్కనుంచి పోయి, గోతి అడుగున ఠంగుమంది. కొడుకు తల పైకెత్తి, "ఏంటి నాన్నా, పెళ్లి చేసుకున్నానని కోపమా?" అని నవ్వాడు. ఆయన నవ్వలేకపోయాడు.

"మెడలో ఎక్కడో నరం నలుగుతున్నట్టుంది," అన్నాడు డాక్టరు. "లోపల చూస్తే గానీ ఏం చెయ్యాలో చెప్పలేను. ఆలస్యమైతే చేతి పట్టు తిరిగి రాదు."

అయినా ఆయన రోజూ పనికి వెళుతూనే ఉన్నాడు. కొడుకు రోజూ ఆయన కిందే పనిచేస్తున్నాడు.

అందరూ నవ్వుకున్న మర్నాడు కోడలు, రిపోర్టు తనే తెచ్చి మామగారిని ఆశ్చర్యపరుద్దామని స్కానింగు సెంటరుకి ఫోన్ చేసింది.

"ఆయనది పూర్తవలేదండీ," అన్నారు అవతలివైపు. "మధ్యలో లేచి వెళ్లిపోయారు."

ఆ పిల్లకి పెళ్లై ఇంకా ఎన్నాళ్లో కాలేదు. బస్సు కిటికీలోంచి కనిపించిన ఎర్ర గొడుగు సంగతి కూడా మొగుడికి చెబితే గానీ నిద్రపట్టని పిల్ల. ఈ సంగతి మాత్రం నోట్లోనే ఉంచుకుని పెరట్లోకి వెళ్లింది. అక్కడ మామగారు తడిబట్ట పిండుతున్నాడు. కుడిచేతికి పట్టు దొరకడం లేదు. నీళ్లు రావడం లేదు. కోడలు రెండో కొస అందుకుంది. ఇద్దరూ చెరోవైపు మెలిపెట్టారు.

"మామయ్యా, స్కానింగు సెంటరుకి ఫోన్ చేశాను."

మెలిక ఆగింది.

"మీ అత్తయ్యకి చెప్పావా?"

"లేదు."

"వాడికి?"

"చెప్పలేదు. పెళ్లయ్యాక మీ అబ్బాయి దగ్గర నేను దాచిన మొదటి సంగతి ఇదే. కడుపు ఉబ్బిపోతోంది. త్వరగా ఏం జరిగిందో చెప్పండి."

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వు వెనకే నిజమూ వచ్చింది.

"ఇరుకంటే నాకు భయం లేదు తల్లీ. బతుకంతా ఇరుకులోనే గడిచింది. చప్పుళ్లు, అదీ సంగతి. లిఫ్టులో ఏ చప్పుడు దేనిదో నిద్రలో కూడా చెబుతాను. తెలియని చప్పుడు వచ్చిందంటే ఏదో తెగుతున్నట్టే. ఇక ఆలోచించకూడదు, పక్కకి దూకెయ్యాలి. ఇన్నేళ్లు అలాగే బతికి బయటపడ్డాను. అక్కడేమో అన్నీ తెలియని చప్పుళ్లే. మొహం మీద పంజరం లాంటిది బిగించారు. చేతిలో రబ్బరు బుడగ పెట్టి, భయమేస్తే నొక్కమన్నారు. 'కదలకండి, ఏం కాదు' అన్నారు. తలుపేసుకుని పోయారు. నొక్కేశాను."

"తర్వాత?"

"తర్వాతేముంది. వయసు ఇంతొచ్చింది, సిగ్గు లేదా అని నన్ను నేనే తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. ఆ చప్పుళ్లు మళ్లీ వినడం నా వల్ల కాదమ్మా."

కోడలు బట్ట ఆరేసింది. చివర్లు సాగదీసింది. ఆమెకి ఒక మూసిన లిఫ్టు గుర్తొచ్చింది.

అప్పటికి ఆమెకి ఈ ఇంట్లో ఎవరూ తెలియదు. ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళుతుంటే రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆగింది. దీపం ఆరింది. చీకట్లో తలుపు బాదుతూ ఏడుస్తుంటే బయటినుంచి నింపాదిగా ఒక గొంతు వినిపించింది.

"లోపల ఎంతమంది?"

"ఒక్కదాన్నే."

"కాదు తల్లీ, ఇద్దరం. నేను తలుపుకి ఇటువైపు ఉన్నాను."

ఆ గొంతు ఒక్కసారి కూడా భయపడకు అనలేదు. జరగబోయేదంతా ముందే చెప్పింది. "ఇప్పుడు పైన టక్కుమంటుంది. మావాడు బ్రేకు వదులుతున్నాడు. పెట్టె జానెడు దిగుతుంది. పడటం కాదు, దిగటం." టక్కుమంది. జానెడు దిగింది. "ఇప్పుడు కీచుమని అరుస్తుంది. దానికి నూనె తక్కువ, నోరెక్కువ." కీచుమంది. ఆ చీకట్లో ఆమెకి నవ్వొచ్చింది. ప్రతిదీ చెప్పిన వరసలో జరుగుతుంటే, గుండె దడ దానంతటదే తగ్గింది. తలుపు తెరుచుకున్నాక ముందు మేస్త్రి కనిపించాడు. ఆయన వెనకే మెట్లు దిగి వస్తూ, మొహం నిండా గ్రీజుతో, "మా నాన్న బాగా విసిగించాడా?" అని అడిగిన 'మావాడు' కనిపించాడు. ఆ ఉద్యోగం రాలేదు గానీ, ఆ గ్రీజు మొహం మాత్రం ఆమె జీవితంలోకి వచ్చేసింది.

"మామయ్యా," అంది కోడలు, బట్ట మీంచి చేతులు తీసి. "రేపు వెళదాం. నేనూ వస్తాను."

స్కానింగు సెంటర్లో బెంచీల నిండా మనుషులు. చెప్పులు వాకిట్లో, ప్రాణాలు గొంతుల్లో పెట్టుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరి పక్కన తోడొచ్చినవాళ్లు "ఏం కాదులే" అంటున్నారు. ఆ మాట విన్నకొద్దీ మొహాలు పాలిపోతున్నాయి.

లోపలిగదిలో మిషను నడిపే అమ్మాయి మేస్త్రిని గుర్తుపట్టింది. నిట్టూర్చింది. కోడలు ఆనాటి లిఫ్టు కథతో పాటు తన కోరిక చెప్పింది.

"ఏ చప్పుడు ఎప్పుడొస్తుందో చెప్పాలా?" అంది ఆ అమ్మాయి. "బయట చూశారుగా మేడం, ఎంతమంది ఉన్నారో. అంత తీరిక ఎక్కడుంది?"

"మళ్లీ మధ్యలో లేచిపోతే అంతకంటే ఎక్కువ టైం పోదా?"

ఆ అమ్మాయి ఒక క్షణం ఆలోచించింది. "అదీ నిజమే. రోజూ వింటూనే ఉంటాను. ఏ చప్పుడు ఎలా ఉంటుందో ఇంతవరకు నన్నెవరూ అడగలేదు," అంది. మేస్త్రి మెడలో గొలుసు, జేబులో తాళాలు బయట పెట్టించి, కోడలికి మైకు ముందు కుర్చీ వేసింది. ఏ చప్పుడు తర్వాత ఏదొస్తుందో వరసగా చెప్పి, నొక్కి మాట్లాడాల్సిన మీట చూపించింది.

అద్దం అవతల మేస్త్రి బల్ల మీద పడుకున్నాడు. మొహం మీద పంజరం. ఎడమచేతిలో రబ్బరు బుడగ. బల్ల లోపలికి వెళ్లింది. ఇక పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ పాదాలు బిగుసుకుని ఉన్నాయి.

కోడలు మీట నొక్కింది. "లోపల ఎంతమంది మామయ్యా?"

స్పీకరులోంచి సన్నగా ఆయన గొంతు వినిపించింది. "ఒక్కణ్నే."

"కాదు, ఇద్దరం. నేను అద్దానికి ఇటువైపు ఉన్నాను."

పాదాలు కొంచెం వాలాయి.

"ఇప్పుడు గడియారంలా టిక్కుటిక్కుమంటుంది. అది మిషను మిమ్మల్ని వెతుక్కోవడం." టిక్కుటిక్కుమంది. "ఇప్పుడు తలుపు మీద సుత్తితో బాదినట్టు ఉంటుంది. ఒక పాట పాడినంతసేపు. లోపల తీగచుట్టల్లో కరెంటు అటూ ఇటూ పోతుంటే అవి అదురుతాయట. తెగడం కాదు, అదరడం."

"తీగచుట్టలా?" అంది స్పీకరు. "మరి ముందే చెప్పొచ్చుగా."

సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. గది అదిరింది. పాదాలు కదల్లేదు. ఆ చప్పుడు ఆగగానే కోడలు మీట వైపు చెయ్యి చాపింది. అంతలో మిషను అమ్మాయే ముందుకు వంగి మైకు అందుకుంది.

"మామయ్యగారూ, ఇప్పుడు డ్రిల్లింగులా ఉంటుంది. బల్ల కూడా వణుకుతుంది. దీనికి నూనె వేసినా నోరు తగ్గదు."

లోపలినుంచి చిన్న నవ్వు వినిపించింది. "నవ్వకండి, ఫొటో చెదురుతుంది," అని ఆ అమ్మాయి కూడా నవ్వింది. చివరిదాకా ఇక ఆమే చెప్పింది. ఎంత చెప్పినా పట్టిన సమయం మాత్రం అంతే.

తర్వాత డాక్టరు గదిలో తెర వెలిగింది. మేస్త్రి కుర్చీ అంచుకి జరిగాడు. తెర మీద ఆయన మెడ ఉంది. ఒక గాటు లేదు, ఒక చుక్క రక్తం లేదు, లోపలంతా అచ్చు వేసినట్టు కనిపిస్తోంది. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఎముకలు, వాటి మధ్య మెత్తటి బిళ్లలు, వెనకాల పొడుగ్గా ఒక దారి, ఆ దారిలో తల నుంచి కిందికి వేలాడుతున్న తెల్లటి తాడు.

ఆయన ఆ దారి వెంట చూపు పైనుంచి కిందికి దింపాడు.

"ఇది గొయ్యి," అన్నాడు, చాలా మెల్లగా. "అది రోపు. ఇవి అంతస్తులు. ఎవరు కట్టారు సార్ దీన్ని? ఇన్నేళ్లుగా నడుస్తోంది. ఒక్కసారి కూడా ఎవరూ మూత తియ్యలేదు."

రోజుకి పదిమందికి అవే బొమ్మలు చూపించే డాక్టరు కూడా, తనే మొదటిసారి చూస్తున్నట్టు తెర వైపు తిరిగాడు. ఒకచోట బిళ్ల పక్కకి జరిగి నరాన్ని నొక్కుతోంది. డాక్టరు వేలుపెట్టి చూపించాడు. "సమయానికి వచ్చారు. చిన్న ఆపరేషన్‌తో పోతుంది. అంతవరకు గోతుల్లోకి దిగొద్దు."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆపరేషన్ సంగతి విని ఇంటావిడ అడిగింది. "ఇంతకీ మొదటిసారి తీసినదాని రిపోర్టు ఏమైందండీ?"

మేస్త్రి కోడలి వైపు చూశాడు. కోడలు కంచంలోకి చూసుకుంది.

"మొదటిసారి తియ్యలేదు. లేచొచ్చేశాను," అన్నాడాయన. "పారిపోయింది మీ చెల్లెలి మొగుడొక్కడే కాదు. నేను ముడులు వేసుకుని పారిపోయాను, అంతే తేడా." తర్వాత కొడుకు వైపు తిరిగాడు. "ఇన్నాళ్లూ నిన్ను కింద పెట్టుకుని పైన పట్టులేని చేత్తో పనిచేశాను రా. నవ్వుతారని చెప్పలేదు."

ఎవరూ నవ్వలేదు. ఇంటావిడ గరిటె కింద పెట్టింది. ఆవిడకి చెల్లెలి మొగుడి నడుము నొప్పి గుర్తొచ్చింది. ఆయన ఆ తర్వాత ఆస్పత్రి మొహం చూడనేలేదు. ఆ కథ చెప్పి నవ్వించినవాళ్లలో ఒక్కరూ ఇప్పుడు నొప్పి ఎలా ఉందని అడగలేదు, తనతో సహా. ఆవిడ లేచి, ఫోన్ కలిపి, భర్త చెవి దగ్గర పెట్టింది.

"తమ్ముడూ," అన్నాడు మేస్త్రి. "రేపు స్కానింగుకి వెళదాం. కాదు, భయపడొద్దని చెప్పడానికి ఫోన్ చెయ్యలేదు. ఆ మాట నాకూ చెప్పారు, అది ఎందుకూ పనికిరాలేదు. లోపల ఏ చప్పుడు వస్తుందో, ఎంతసేపు ఉంటుందో ముందే నీకు చెబుతాను. భయపడేవాడికి ధైర్యం చెప్పక్కర్లేదు తమ్ముడూ, జరగబోయేది చెప్పి, అద్దానికి ఇటువైపు ఒక మనిషి నిలబడితే చాలు."