అంగిట్లో తెల్లమచ్చ

భావనపాడు రేవులో చేపల తట్ట దించగానే దానమ్మ చుట్ట ముట్టిస్తుంది. రెండు దమ్ములు లాగి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పుకుంటుంది. దాన్నే అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, బేరానికి చేతులూ ఖాళీగా ఉంటాయి. తల్లి తాగింది, అత్త తాగింది, ఆమె కూడా తాగుతోంది. చూసి ముచ్చటపడేవాళ్లే తప్ప వద్దనేవాళ్లు ఒక్కరూ లేరు.

ఈమధ్య కారం తగిలితే ఆమె నోరు మండిపోతోంది. అంగిట్లో తెల్లమచ్చ లేచింది. దానమ్మ అనుమానం పొరుగింటి తాయారు మీదికి పోయింది.

"అదే సిల్లంగి ఎట్టింది రా. దానింటి కూర తిన్న కాడినుంచీ ఇలాగే ఉన్నాది," అంది కొడుకు హరిబాబుతో.

చేతబడి మాట రేవంతా పాకింది. తాయారు దగ్గర చేపలు కొనడం మానేశారు. ఆమె ఎదురైతే పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. మంత్రం పలకకుండా పళ్లు ఊడగొడితే గాని బుద్ధి రాదని ఒకరిద్దరు అన్నారు కూడా. మన ఊళ్లలో అనుమానానికి సాక్ష్యం అక్కర్లేదు కదా!

హరిబాబు బతిమాలి తల్లిని పట్నం ఆస్పత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు అరుణశ్రీ మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చిన రోజు దానమ్మ ఆమెనూ నమ్మలేదు.

"ఓపాలి మచ్చంటావు, ఓపాలి గడ్డంటావు. అసలు పేరు దాస్తన్నావేటమ్మా?"

"దాచడం లేదమ్మా. కణితి ఎక్కడ పుట్టింది, హద్దు దాటిందా లేదా, అది చూసే పేరు పెడతాం. పుట్టినచోటే ఉండిపోతే మామూలు కణితి. చుట్టుపక్కలకి చొచ్చుకుపోతే కేన్సర్. అది పైపొరలో మొదలైతే కార్సినోమా, ఎముకలోనో కండలోనో మొదలైతే సార్కోమా. రోజూ నిప్పు సెగ, పొగాకు విషం తగిలి మీ అంగిటి పైపొరలో కణాలు దారి తప్పాయి. ఇంకా హద్దు దాటలేదు కాబట్టి కేన్సర్ అనడం లేదు. మచ్చ తీసేస్తాం. చుట్ట మానకపోతే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది."

"అయితే ఎవులూ ఎట్టింది కాదా?"

"ఎవరూ పెట్టలేదు. రోజూ మీరే పెట్టుకున్నారు."

దానమ్మ సిగ్గుతో తల దించుకుంది.

ఊరికి రాగానే నలుగురూ చూస్తుండగా తాయారు గుమ్మం ముందు నిలబడింది. తాయారు తలుపు మూయబోయింది.

"ఇంకా ఏటి మిగిలింది వదినా? నా పళ్లకోసం వచ్చినావా?"

"తప్పు నాదేనే. సిల్లంగీ లేదు, ఏటీ లేదు. నా సుట్టే నన్ను తినేస్తన్నాది. నువ్వూ అడ్డపొగే తాగుతావు కదే! నోరు తెరు, సూస్తాను."

తాయారు నమ్మీ నమ్మక తలుపు వదిలింది. చివరికి వెలుతురులోకి వచ్చి నోరు తెరిచింది. ఆమె అంగిట్లోనూ తెల్లగా మచ్చ ఉంది.

దానమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, చుట్టూ చేరినవాళ్ల వైపు తిరిగింది. "మీరూ తెరండర్రా నోళ్లు!" అంది.

పొరుగువాళ్లను అనుమానిస్తూ మనం పోగొట్టుకునే ప్రతి రోజూ లోపలి కణితికి కలిసొచ్చే రోజే.