మధ్యాహ్నం ప్రాక్టికల్స్

"ఆకులకు బొక్కలుంటయా? మాకు తెల్వకపాయె!" అంది భూమవ్వ, కత్తెర ఆపకుండానే.

కోడలు ప్రవళిక నోరు జారింది, అంతే. బీడీలకు తునికాకు కత్తిరిస్తూ, ఆకులు ఊపిరి తీసుకునే రంధ్రాలను నిర్మల్ కాలేజీలో మైక్రోస్కోపు కింద చూశానని చెప్పింది. ఆ మాట సాయంత్రానికల్లా భర్త సాగర్ చెవిన పడింది. "మా ఇంట్ల సైంటిస్టు చాయ పెట్టింది, తాగుర్రి" అంటూ దోస్తులకు గ్లాసులు అందించాడు. వాళ్ల నవ్వులు వంటింటి దాకా వచ్చాయి.

మెట్‌పల్లికి కాపురానికొచ్చి నాలుగు నెలలు. నిర్మల్‌లో హాస్టల్లో ఉండి బీఎస్సీ బాటనీ మొదటి ఏడాది పూర్తి చేసింది. రెండో ఏడాదికి ఇక్కడి కాలేజీకి మారుస్తామని అత్తింటివాళ్లు పెళ్లిమాటలప్పుడే ఒప్పుకున్నారు. కంపెనీ ఇచ్చిన బీడీ కార్డు భూమవ్వ పేరు మీద ఉంది, కూలి డబ్బులు ఆమెకే వస్తాయి; చుట్టేది మాత్రం ప్రవళిక. "సదువుకున్న చేతులు గదా, సాపుగ చుడ్తయ్" అని అత్త వాడకట్టు ఆడవాళ్లకు చెప్పుకునేది. తిడితే పడి ఊరుకునేదేమో, ఆ మెచ్చుకోలుకే ఒళ్లు మండేది. పదమూడేళ్లు పుస్తకం పట్టిన చేతులకు చివరికి ఈ ఇల్లు కనిపెట్టిన ఉపయోగం ఇదా? పొద్దున అంట్లు, వంట, మధ్యాహ్నం తంబాకు వాసన, సాయంత్రం మళ్లీ వంట. అందులో తన పేరున్న పని ఒక్కటీ లేదు.

ఒకరోజు సాగర్ అన్నం తింటూ తేల్చేశాడు. "బీఎస్సీల సీట్లు లేవట. బీఏ రాయిద్దాం. పరీక్షలప్పుడు పోతే సాలు."

కన్నతల్లికి ఫోన్ చేస్తే, "సర్దుకపో బిడ్డా, ఏదో ఒక డిగ్రీ గదా" అంది. ఏదో ఒక డిగ్రీ! అల్లుడికి మాత్రం ఏదో ఒక బండి పెట్టారా? రంగు కూడా అతన్నే ఎంచుకోమన్నారు. ప్రవళిక ఫోన్ పెట్టేసింది.

సోమవారం ఇద్దరూ కాలేజీ ఆఫీసుకు వెళ్లారు. గుమాస్తా రామచంద్రం ఫారం తిరగేసి తలెత్తాడు.

"బీఏ అంటున్నవేందమ్మా? గ్రూపు మారితే మళ్ల ఫస్టియర్ నుంచి సదవాలె. బీఎస్సీల నాలుగు సీట్లున్నయని మొన్ననే మీ ఆయనకు చెప్తి గదా?"

ప్రవళిక భర్త వైపు చూసింది. అతను తడబడనైనా లేదు.

"ప్రాక్టికల్స్ మధ్యాహ్నం ఉంటయట సార్. ఇంట్ల పని ఉంటది. మా అవ్వ ఒక్కతి ఎన్నని చేస్తది?" అని, ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "సంతకం పెట్టు. నకరాలు ఇంటికి పోయినంక."

అబద్ధమాడినందుకు కాదు, దొరికిపోయినా సిగ్గుపడనందుకు ఆమెకు కోపం వచ్చింది. సీటుండవచ్చు. రేపు ఇక్కడే బీఎస్సీలో చేరనూవచ్చు. కానీ ఆ ఇంట్లో తనకు ఒక్క మధ్యాహ్నమైనా దొరకదు. ఏదో ఒక రోజు అత్తకు నడుము పడుతుంది, ఇంకో రోజు చుట్టాలొస్తారు, మరో రోజు ఆకు ఎండిపోతుంది. రికార్డు బుక్కు మీద తంబాకు చాట పెడతారు. మిగిలిన రెండేళ్లూ అలాగే అయిపోతాయి.

ఫారాన్ని రామచంద్రం ముందుకు తోసింది.

"ట్రాన్స్‌ఫర్ వద్దు సార్. నిర్మల్‌లనే సదువుత."

సాగర్ గట్టిగా నవ్వాడు. "దినాం గోదావరి దాటి పోయొస్తవా?"

"దినాం ఎందుకు? హాస్టల్ల ఉంట."

నవ్వు ఆగింది. ఫైళ్లు సర్దుతున్న అటెండర్ కూడా ఆగి చూస్తున్నాడు.

"ఎన్నొద్దులు?" అన్నాడు సాగర్ పళ్లు బిగించి.

"డిగ్రీ అయ్యేదాక" అంది ప్రవళిక. "ఆ తర్వాత యాడుండాల్నో నేను జెప్త."