ఎడమ కనుబొమ

కంటిన్యుటీ అక్క మోకాలి మీద అట్ట పెట్టుకుని హీరో చొక్కా బొత్తాలు లెక్కపెడుతోంది. పైన రెండు ఊడి ఉన్నాయి. కుడి చేతి మడత మోచేతి దాకా ఉంది, ఎడమది రెండు వేళ్లు కిందికి జారింది. ముందుది వెనక, వెనకది ముందు తీసే సినిమాలో ఏదీ మారిపోకుండా కాపలా కాయడమే ఆమె పని. ముప్పైయొక్క ఏళ్లుగా అదే. అంతా సవ్యంగా జరిగితే ఆమె ఉన్నట్టే ఎవరికీ తెలియదు. ఒక్కటి తప్పిందా, ఊరంతా పగలబడి నవ్వుతుంది. ఏం ఉద్యోగమో!

పొట్టి మనిషి. వంగి వంగి చూసి మెడ కాస్త ముందుకు వచ్చేసింది. ఇంట్లోనూ అదే వరస. బస్సు నడిపి రిటైరైన మొగుడు ఆమెను ఏడిపించడానికి గోడ గడియారాన్ని జానెడు పక్కకి జరిపేవాడు. చెప్పులు విప్పకముందే కనిపెట్టేసేది. నీతో కాపురం పోలీసు స్టేషన్లో కాపురమే అంటూనే ఆయన లోలోపల మురిసిపోయేవాడు.

ఈ సినిమాలో హీరో ఒట్టి పిరికి పోలీసు. దెబ్బ తగలకపోయినా బింకానికి లిఫ్టులో కనుబొమ మీద పట్టీ అంటించుకుంటాడు. ఆ వెంటనే హోటల్ వంటగదిలో పెద్ద కొట్లాట. పదకొండు రోజులు తీశారు దాన్ని. ఈ సెట్టులో ఇక మిగిలింది అతను తలుపు తోసుకుని వంటగదిలోకి వచ్చే ముక్క ఒక్కటే. అది ఇవాళ. రేపు పొద్దున్నే సెట్టు పీకేస్తారు.

ఆ ముక్క కోసం మూడు వారాల కిందటి లిఫ్టు ఫోటోలు తిరగేస్తుంటే ఆమె చెయ్యి ఆగిపోయింది. హీరో వెనక అంతస్తుల అంకెలు తిరగబడి ఉన్నాయి. అద్దం! ఆ రోజు కెమెరా అద్దం వైపు తిరిగి ఉంది. అద్దంలో మొహం చూసి, కుడి కనుబొమ అని రాసేసుకుంది. పట్టీ ఉన్నది ఎడమ కనుబొమ మీద. లిఫ్టులోంచి బయటికి వచ్చేటప్పుడు ఎడమవైపే కనిపిస్తుంది, ఆమె రాసుకున్నదాన్ని బట్టి తీసిన కొట్లాటంతా కుడివైపు. నిన్నగాక మొన్న చేరినవాళ్లు చేసే తప్పు. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

నోరు మూసుకుంటే విడుదలయ్యేదాకా ఎవరికీ తెలియదు. కానీ ఆ తర్వాత తప్పులు ఏరేవాళ్లు ఊరుకుంటారా? అయినా వాళ్లదాకా ఎందుకు, తనకు తెలిసిపోయింది. లేచి వెళ్లి డైరెక్టరుకి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

ఆమె కొడుకు వయసున్న ఆ డైరెక్టరు తల పట్టుకున్నాడు. పదకొండు రోజులు మళ్లీ తీయడం తన వల్ల కాదన్నాడు. నవ్వులాట సినిమాలో పట్టీ ఎవడు చూస్తాడన్నాడు. అందరూ చూస్తారంది. వెళ్లమన్నాడు. వెళ్లింది, కాసేపటికి మళ్లీ వచ్చింది. ఈసారి విసుక్కున్నాడు.

అందరూ భోజనాలకు లేచారు. ఆమె లేవలేదు. ఖాళీ సెట్టులో తలుపు నుంచి పొయ్యి దాకా అడుగులు వేసి చూసుకుంది. ఆరు అడుగులు. పొద్దుటి నుంచీ భుజం లాగుతోంది. సంచి బరువనుకుని రెండో భుజానికి మార్చుకుంది. గంట తిరిగేసరికి మూడోసారి డైరెక్టరు ముందు నిలబడింది. పట్టిందంటే వదిలే రకం కాదు.

"బాబూ, కొట్లాట మళ్లీ తీయొద్దు. ఎడమవైపు పట్టీతోనే లోపలికి రానివ్వండి. రాగానే వంటవాడి గరిటె కుడి కనుబొమకు తగలాలి. ఈసారి నిజం దెబ్బ. ఉన్నది ఒక్క పట్టీ కదా, పీకి ఇటు అంటించుకుంటాడు."

డైరెక్టరు రెప్ప వేయకుండా చూశాడు. ఆ తర్వాత నవ్వు ఆపుకోలేకపోయాడు.

తీశారు. హీరో పట్టీ పీకి కుడివైపు అంటించుకుని, "అర్జెంటు బదిలీ" అన్నాడు. లైట్లవాళ్లు కూడా నవ్వారు. నవ్వనిది అక్క ఒక్కతే. పట్టీ వంకరగా పడిందని రెండుసార్లు మళ్లీ తీయించింది. మూడోసారి కొట్లాట ఫోటోలతో అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

సాయంత్రం విలేకరులు వస్తే, ఆ తమాషా తనకు అప్పటికప్పుడు తట్టిందని హీరో చెప్పుకున్నాడు. అక్క దగ్గర పని నేర్చుకున్న అసిస్టెంటు డైరెక్టరు పిల్లకి ఒళ్లు మండింది. వెళ్లి చెప్పక్కా అని పోరింది.

"ఏం చెప్పనమ్మా, తప్పు నాదనా? అతుకు కనపడలేదు. నాకది చాలు."

ఆ సంతోషం దాచుకుందామన్నా దాగలేదు. ఆ రోజు షూటింగు వివరాలు రాసిచ్చే కాగితంలో మాత్రం తప్పు నాది, సరిచేశాను అని రాసి సంతకం పెట్టింది.

ఇంటికి వెళ్లి మొగుడికి కథంతా చెప్పి, ఆయన్ను రెండుసార్లు నవ్వించి పడుకుంది. తెల్లారి లేవలేదు. ఏడింటికి ఆయన అసిస్టెంటు పిల్లకి ఫోన్ చేసి, "మీ అక్క ఇవాళ రాదమ్మా" అని మాత్రం అనగలిగాడు.

తర్వాత సినిమా వచ్చింది. చూసినవాళ్లు పద్నాలుగు తప్పులు ఏరారు. పద్నాలుగూ ఆమె పోయాక తీసినవే. తెరవెనక విశేషాల్లో పట్టీ బదిలీని మొదట వేసి, హీరో సమయస్ఫూర్తి అని రాశారు.

అవన్నీ తర్వాతి మాటలు. ఆ ఉదయం వడ్రంగులు వచ్చి వంటగది గోడ పడగొడుతుంటే వెనక పలక మీద ఆమె టిఫిన్ డబ్బా కనిపించింది, నిన్న పెట్టింది పెట్టినట్టే, మూత కూడా తీయకుండా.