బీరువాలో సాక్ష్యం

ఆదివారం ఉదయం ఇల్లంతా తుడిచాక ఆ ఇల్లాలు చేతులు కడుక్కుని, తడి ఆరేదాకా ఆగి, ఆ తరువాతే బీరువా తెరిచేది. లోపలి అరకు వేరే తాళం. ఆ తాళంచెవి ఆమె చేతిసంచిలో తప్ప మరెక్కడా ఉండేది కాదు. అరలో ఇంటి పత్రాలు, కూతురి చదువు పత్రాలు, వాటి వెనుక మెత్తని గుడ్డలో చుట్టిన అరచేయంత నల్లని డిస్కు ఉండేవి. డిస్కు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక చీటీ: "ప్రెస్సు ఫోటోలు. ముట్టరాదు." ఆమె గుడ్డ విప్పి, దుమ్ము లేదని చూసి, మళ్లీ చుట్టి, తాళం వేసేది.

"మా అబ్బాయికి జ్వరమొచ్చినప్పుడు కూడా ఇంత శ్రద్ధగా దుప్పటి కప్పలేదమ్మాయ్ నువ్వు," అనేది అత్తగారు మంచం మీది నుంచి.

"మీ అబ్బాయి పరువు అందులోనే ఉందత్తయ్యా," అనేది కోడలు నవ్వకుండా.

ఇంత జాగ్రత్త గల ఇంట్లో నష్టమెలా జరుగుతుందని పాఠకులు అడగవచ్చు. జరిగింది. ఆ జాగ్రత్త మూలంగానే జరిగింది. అటువంటి జాగ్రత్త మన ఇళ్లలో చాలాచోట్ల ఉన్నది కనుక ఈ కథ చెప్పవలసి వచ్చింది.

ఆమె నగరపాలక కార్యాలయంలో, రికార్డు గదిలో, ఇరవై రెండేళ్లుగా గుమాస్తా. అక్కడా ఇంటి వీధిలోనూ కూడా ఆమెను రికార్డమ్మ అనేవారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక విధవరాలి ఇల్లు దొంగ నకలు వల్ల పరుల పాలు కావడం ఆమె కళ్లారా చూసింది. అసలు కాగితం అరలో పదిలంగా ఉండగానే, ఎవరో పుట్టించిన నకలు ఆ మనిషిని వీధిలో నిలబెట్టింది. ఆనాటి నుంచి నకలన్న మాట చెవిన పడితే రికార్డమ్మ కనుబొమలు ముడిపడేవి. అసలుకు ఒక్కటే చోటు, నకలు పుట్టిందంటే దొంగ పుట్టినట్టే, అన్నది ఆమె జీవిత నియమం.

ఆమె భర్త రేకు డబ్బాల కర్మాగారంలో మూతలు కొట్టే ప్రెస్సు యంత్రం మీద పనిచేసేవాడు. ప్రెస్సు దిగేటప్పుడు చెయ్యి కిందికి పోకుండా ముందు ఒక ఇనుప జాలీ ఉండాలి. పనివాళ్లు దానిని గార్డు అంటారు. గార్డు ఉంటే గంటకు కొట్టే మూతలు తగ్గుతున్నాయని సూపర్‌వైజరు ఆరు ప్రెస్సులకూ గార్డులు ఊడదీయించాడు. ఏ రోజున ఏ ప్రెస్సు మీద ఎవరు కూర్చోవాలో ఉదయం గోడ మీది నల్లబోర్డు మీద తేదీతో సహా సుద్దముక్కతో రాసేవారు, సాయంత్రం తుడిచేసేవారు. నిన్నటి మాటకు ఈ రోజు ఆనవాలే ఉండదు. నోటితో చెప్పి చెప్పి విసిగిన ఆ మనిషి వారానికొకసారి, బోర్డు కూడా కనబడేలా, ఆరు ప్రెస్సులనూ తన ఫోన్‌లో ఫోటో తీయసాగాడు. అలా ఎనిమిది నెలలు తీశాడు.

ఫోన్ నిండిపోయింది. రికార్డమ్మ డిస్కు కొనుక్కొచ్చింది. కళాశాలలో చదువుతున్న కూతురు తన కంప్యూటరుకు రెండూ తగిలించి ఫోటోలను డిస్కులోకి పంపింది.

"ఫోన్‌లోంచి తీసెయ్యమంటావా? వద్దమ్మా, అక్కడా ఉండనీ. నా కంప్యూటర్‌లో ఇంకోటి పెడతా."

"ఎందుకూ, నలుగురి కంటా పడ్డానికా? ఒక్కచోట ఉంటే నా కాపలాలో ఉంటుంది. తీసెయ్."

"డిస్కు పాడైతే?"

"తాళం వేసిన బీరువాలో ఎందుకు పాడవుతుందే? ఇది నీ చెప్పుల జత కాదు, వాకిట్లో విడిచి పోవడానికి." అని, భర్త వైపు తిరిగింది. "మీరూ వినండి. మీ జతగాళ్లకి ఒక్కటంటే ఒక్కటి పంపకండి. పొక్కిందంటే సూపర్‌వైజరు ముందే సర్దుకుంటాడు."

"చిత్తం రికార్డమ్మగారూ," అన్నాడాయన. కూతురు తల్లి చెప్పినట్టే చేసింది.

సరిగ్గా అయిదు వారాల తరువాత ప్రెస్సు ఆయన కుడిచేతి మూడు వేళ్లను తీసుకుపోయింది.

గార్డు ఉన్నదని, కార్మికుడే తొందరపడి దానిని పక్కకు జరిపి చెయ్యి పెట్టాడని యాజమాన్యం రాసింది. 'సొంత నిర్లక్ష్యం' అన్న రెండు మాటలు ఆయన పేరు పక్కన చేరాయి. ఆ రెండు మాటలూ నిలిస్తే మరే కర్మాగారమూ ఆయనను గేటు దాటనివ్వదు. అంతకు మించిన అన్యాయం మరొకటి ఉన్నది. తనిఖీ అధికారి వచ్చిన రోజున గార్డులు బిగించారు. ఆయన వెళ్లిన మరునాడు విప్పేశారు. గాయపడినవాడి పీట మీద మరొకడు కూర్చుని మూతలు కొడుతూనే ఉన్నాడు.

కార్మిక సంఘం ఆయన పక్షాన అర్జీ పెట్టింది. విచారణ పదహారు నెలలు నడిచింది. సంఘం తరఫున వాదించే వకీలు ఫోటోల నకలు రెండుసార్లు అడిగాడు. "వాయిదా రోజు రానివ్వండి, అసలే తెస్తాను," అన్నది రికార్డమ్మ రెండుసార్లూ. మూడవసారి ఆయన గొంతు పెంచాడు.

"అమ్మగారూ, తొమ్మిది రోజుల్లో వాయిదా. సాక్ష్యాల జాబితా ఆలోగా ఇవ్వాలి. ఆ ఫోటోలు నేనింతవరకు కంటితో చూడలేదు!"

ఆ సాయంత్రం రికార్డమ్మ డిస్కును రెండు చేతులతో తెచ్చి కూతురి బల్ల మీద ఉంచింది. కూతురు తీగ తగిలించింది. చిన్న దీపం వెలిగింది. లోపలి నుంచి టిక్కు, టిక్కు అని ఒక చప్పుడు. తెర మీద ఏమీ రాలేదు. తీగ మార్చింది. మళ్లీ అదే చప్పుడు.

"గడియారమా అది?" అన్నది అత్తగారు.

భర్త రెండు వేళ్లు మిగిలిన చేతిని ఒళ్లో పెట్టుకుని, ఆ చప్పుడు ఆగుతుందేమోనన్నట్టు చూస్తూ కూర్చున్నాడు.

మరునాడు ఉదయమే తల్లీకూతుళ్లు బజారు చివర కంప్యూటర్లు బాగుచేసే దుకాణానికి వెళ్లారు. దుకాణదారు కళ్లజోడు నుదుటి మీదికి తోసి, డిస్కును చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"ఎప్పుడు తెరిచారమ్మా చివరిసారి?"

"తెరవలేదు. ఏడాదిన్నరగా దేనికీ తగిలించలేదు. దుమ్ము కూడా పడనివ్వలేదు."

"దుమ్ము సంగతి సరే. లోపల తిరిగే పళ్లెం ఉంటుంది, దాన్ని చదివే ముల్లు ఉంటుంది. వాడినా పోతుంది, వాడకున్నా పోతుంది. ఎప్పుడు పోయేదీ దీన్ని చేసినవాడికే తెలీదు. రెండోది ఇవ్వండి, అందులోంచి తీద్దాం."

"రెండోదేమిటి?"

"ఇంకో ప్రతి. ఫోన్‌లోనో, మరో డిస్కులోనో."

"ఇదే... ఇదే జాగ్రత్త చేసిన ప్రతి."

ఆయన డిస్కును మెల్లగా కింద పెట్టాడు. "ఫోన్‌లో ఉన్నవాటిని ఇందులోకి మార్చి, అక్కడ తుడిచేశారు. అంతేనా? అయితే తల్లీ, ఇంతకు ముందూ ఒక్కటే, ఆ తర్వాతా ఒక్కటే. ఇల్లు మారింది, అంతే."

రికార్డమ్మ దుకాణం మెట్టు మీద కూర్చుండిపోయింది. ఇరవై రెండేళ్లుగా దొంగ చేతినుంచి కాగితాలను కాపాడింది కానీ, దొంగ లేకుండానే వస్తువు పోగలదన్న ఆలోచన ఆమెకు ఏనాడూ రాలేదు. రెండో ప్రతి వద్దన్నది తనే. కూతురు చెప్పింది, తను చెప్పుల జతతో పోల్చి నోరు మూయించింది. కూతురు ఇప్పుడు ఆ మాట ఎత్తలేదు. తల్లి పక్కనే మెట్టు మీద కూర్చున్నది.

డిస్కును పెద్ద నిపుణుల దగ్గరికి పంపారు. ఆరవ రోజున, ఏమీ దక్కలేదన్న కబురుతో అది తిరిగి వచ్చింది.

ఆ రోజు భర్త గొంతు సవరించుకున్నాడు.

"నీకో మాట చెప్పాలి. తిట్టకు."

"తిట్టే ముఖం నాకెక్కడిదండీ!"

"ఒకటి పంపాను. నువ్వు వద్దన్నావు గానీ, అమ్మాయి తుడిచేలోగా మన గడకర్రకి పంపాను. వాడు నా ప్రెస్సు ముందు నిలబడి ఆవులిస్తుంటే తీశానులే. గుహ తెరుచుకున్నట్టుంది వాడి నోరు. నవ్వాగక పంపేశాను, నీకు తెలియకుండా పంపినదాన్ని కూడా నా ఫోన్‌లో తుడిచేశాను."

గడకర్ర అంటే ఆయన జతగాడు, నిలువెత్తు మనిషి. ఇప్పటికీ అదే కర్మాగారంలో, పక్క ప్రెస్సు మీద పనిచేస్తున్నాడు. దంపతులిద్దరూ ఆ సాయంత్రమే అతని ఇంటికి వెళ్లారు. సంగతి విన్న అతని భార్య గుమ్మానికి అడ్డంగా నిలుచున్నది.

"ఫోటో ఉందక్కా. అబద్ధం చెప్పను. ఈయన పాత ఫోన్ నీళ్లలో పడి చచ్చింది కానీ, ఆ ఫోటో నా ఫోన్‌లోనూ ఉంది, మా చెల్లి ఫోన్‌లోనూ ఉంది. కోపమొచ్చినప్పుడల్లా అది చూపించి ఏడిపిస్తాను. కానీ అది మీకిస్తే రేపు ఈయన్ని గేటు బయట నిలబెడతారు. మా పొయ్యి ఎవరు వెలిగిస్తారు?"

ఆ ప్రశ్న న్యాయమైనది.

గడకర్ర తన చేతులకేసి చూసుకున్నాడు. "గార్డు లేదని రోజూ చూస్తూనే ఉన్నానొదినా. అన్నయ్య వేళ్లు పోయినప్పుడు కూడా, నావి కావు కదా అనుకున్నా. సిగ్గులేని బతుకు." భార్య వైపు తిరిగాడు. "పంపవే. పది వేళ్లతో ఇంటికొస్తే ఏదో ఒక పొయ్యి వెలుగుతుంది."

ఆమె కళ్లు తుడుచుకుని ఫోన్ తీసింది. "నా మొగుడి నోరు కోర్టుకెక్కుతుందని కలలో కూడా అనుకోలేదు," అన్నది.

విచారణ గదిలో యాజమాన్యం వకీలు మూడు లావుపాటి దస్తరాలు పెట్టాడు. నెలనెలా గార్డులు తనిఖీ చేసినట్టు సంతకాలు. ఒక్కొక్క కాగితానికి మూడేసి ప్రతులు, ఒకటి కర్మాగారంలో, ఒకటి పెద్ద కార్యాలయంలో, ఒకటి వకీలు దగ్గర. ఎదురుగా సంఘం వకీలు పెట్టినది ఒక్క ఫోటో. ఆవులించే మనిషి, అతని వెనుక గార్డు లేని ప్రెస్సు, ఆ వెనుక బోర్డు మీద తేదీ. గడకర్ర లేచి నిలబడి, ఆ మనిషి తనేనని, ఆ తేదీ నిజమని చెప్పాడు.

విచారణాధికారి తల నెరిసిన స్త్రీ. ఫోటోను ఆ తేదీ గల నెల కాగితం పక్కన పెట్టి చూసింది.

"ఈ నెలలో గార్డు ఉందని ఈ కాగితం చెబుతోంది. లేదని ఈ ఫోటో చెబుతోంది. ఈ కాగితం అబద్ధం," అన్నది. తరువాత ఇటు తిరిగింది. "ఎనిమిది నెలలు, ఆరు ప్రెస్సులు అని మీ అర్జీలో ఉంది. మిగతావి ఏవి?"

"ఉండేవండీ," అన్నది రికార్డమ్మ.

"ఉండేవి అన్న మాటను నేను తీర్పులో రాయలేనమ్మా."

తీర్పు అలాగే వచ్చింది. 'సొంత నిర్లక్ష్యం' కొట్టివేయబడింది. ఆ ఒక్క ప్రెస్సుకు గార్డు బిగించి ముద్ర వేయవలసిందని ఆజ్ఞ అయింది. తక్కిన అయిదింటి గురించి రుజువు లేదు. యాజమాన్యం నెలల తరబడి తెలిసే ఈ పని చేయించిందన్న ఆరోపణ నిలవలేదు. సూపర్‌వైజరు మరునాడు యథాప్రకారం పనిలోకి వచ్చాడు.

"నా పేరు తేటపడింది కదా. ఇంకా ఆ ముఖమేమిటి?" అన్నాడు భర్త మెట్లు దిగుతూ.

"మీ పేరు మిగలడం మీ తప్పు వల్ల. నా మాట పూర్తిగా విని ఉంటే అదీ మిగిలేది కాదు." ఆమె రెయిలింగు పట్టుకుని ఆగింది. "ఆ అయిదు ప్రెస్సుల మీద రేపు పొద్దున కూర్చునేవాళ్లకి నేనేం చెప్పనండీ?"

వచ్చిన ఆదివారం ఆమె బీరువా తెరవలేదు. కూతురిని వెంటబెట్టుకుని సంఘం గదికి వెళ్లింది. ముప్ఫై మంది దాకా ఉన్నారు, చాలామంది భార్యలతో వచ్చారు. ఉద్యోగమంతా మౌనంగా కాగితాల మధ్య గడిపిన ఆమె మొదటిసారి నలుగురి ముందు నిలబడింది.

"నన్ను రికార్డమ్మ అంటారు. ఆ పేరుకు నేను తగను. మా ఆయన ఎనిమిది నెలల కష్టాన్ని నేను తాళం వేసి చంపాను. మీలో ఎవరూ నాలా చేయకూడదని వచ్చాను. ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చి మొదటిది తుడిచేస్తే మీ దగ్గర మిగిలేది ఒక్కటే. ఫోన్‌లో ఒకటి ఉండనివ్వండి. ఇంట్లో డిస్కులో ఒకటి పెట్టండి. ఇల్లు కాలినా, మునిగినా మిగిలేలా మూడోది ఆన్‌లైన్‌లోనో, ఊరికి అటు చివరున్న అక్కయ్య ఇంట్లోనో ఉంచండి. మూడు నెలలకోసారి మూడూ తెరిచి కళ్లతో చూడండి. తెరవని పెట్టెలో ఏముందో ఎవరికీ తెలీదు."

"మాకు అంత దాచుకునేదేముందమ్మా? పిల్లల ఫోటోలు తప్ప!" అన్నారు వెనుక నుంచి ఎవరో. కొందరు నవ్వారు.

"ఏ రోజు ఏ ప్రెస్సు మీద కూర్చున్నారో రాసిన బోర్డు ఫోటో ఉంది. మీ గాయాల మందుచీటీలున్నాయి. పిల్లల ఫోటోలు కూడా తక్కువవేం కాదు. వాటిని మళ్లీ ఎవరు తీసివ్వగలరు?" గదిలో నవ్వు అణిగింది. గడకర్ర భార్య అప్పటికే తన ఫోన్ తీసి రికార్డమ్మ కూతురి చేతికి ఇస్తున్నది. "ఆ దస్తరాలు నేను చూశాను. ఉన్నవాడు తన అబద్ధానికి కూడా మూడు ప్రతులు రాయించి మూడు చోట్ల భద్రం చేసుకుంటాడు. లేనివాడా, నీ నిజాన్ని ఒక్క చోటనే ఉంచకు."