గుట్ట మీద లేని దారి

దారి అడిగేవాళ్లంటే సర్వేయరుకు మొదటినుంచీ లోకువ. ముప్పై మూడేళ్లు మూడుకాళ్ల యంత్రం వెంటబెట్టుకుని పొలాలూ గుట్టలూ కొలిచినవాడు. పదవీ విరమణ చేసి రెండేళ్లయినా, చుట్టుపక్కల ఏ మలుపు తర్వాత ఏ మలుపు వస్తుందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఎవరైనా బండి ఆపి దారి అడిగితే చెప్పేవాడే గాని, ముందు ఆ మనిషిని ఎగాదిగా చూసి, కాళ్లున్నాయి, కళ్లున్నాయి, ఇంకేం తక్కువైందోనని మనసులో అనుకున్న తర్వాతే చెప్పేవాడు.

అలాంటి మనిషి భార్య, దారి చెప్పే పెట్టె ఒకటి కొంటానంది.

ఆవిడ పశువుల డాక్టరు. ఆఫీసు జీపునూ డ్రైవరునూ పైవాళ్లు తీసేశాక సొంత చిన్న కారులోనే పాకలకూ పొలాలకూ తిరుగుతోంది. క్వారీ గుట్ట దాటితే ఫోనుకు సిగ్నలు అందదు. అంతవరకూ మొగుడే ఫోనులో దారి చెప్పేవాడు. కిందటి నెల ఒక ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే ఆవిడ బయల్దేరింది. మొగుడు "పసుపు గోడ దాటాక ఎడమకు..." అంటూ ఉండగానే ఫోను తెగిపోయింది. ఆవిడ పసుపు గోడలు మూడు దాటి, రెండు గంటలు ఆలస్యంగా చేరేసరికి ఆవూ లేదు, దూడా లేదు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ చెప్పింది, సిగ్నలు లేకపోయినా పనిచేసేది ఒకటి కావాలని, ధర మాత్రం అందుబాటులో ఉండాలని. మొగుడికి తన కుర్చీలో ఎవర్నో తెచ్చి కూర్చోబెట్టినట్టనిపించింది. అయినా తోడు వెళ్లాడు. ఆ పెట్టెల బండారం నలుగురి ముందూ బయటపెట్టాలని వెళ్లాడు.

దుకాణంలో అమ్మే అమ్మాయి మూడు పెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టింది. మొదటిది పలక అంత ఉంది. అది పాటలు పాడుతుంది, వెనక వచ్చే బండిని చూపిస్తుంది, మాట్లాడితే బదులు చెబుతుంది. "కాఫీ కూడా కలుపుతుందా?" అన్నాడు సర్వేయరు. రెండోది పలచగా, అందంగా ఉంది గాని వేలు తగిలితే చాలు, తెర ఎక్కడికో పారిపోతోంది. మూడోది అన్నిట్లోకీ చవక. మందంగా, నల్లగా, పక్కన నాలుగు మొరటు మీటలతో సబ్బుపెట్టెలా ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి, పారేయడానికి చోటు వెతుకుతున్నవాడిలా మొహం పెట్టాడు.

భార్య మాత్రం తన బ్యాగులోంచి రబ్బరు తొడుగులు తీసి వేసుకుని, ఒక్కో పెట్టెనూ నొక్కి చూసింది. అమ్మాయి నవ్వలేదు. ఈవిడకు పనితో పని అని ఆమెకు అర్థమైంది. మ్యాపులు పెట్టెలోనే ఉంటాయని, కొత్తవి వచ్చినప్పుడల్లా ఉచితంగా ఎక్కించుకోవచ్చని చెప్పింది.

"ఎక్కించుకోవడం తర్వాత. ముందు ఉన్నది సరిగ్గా ఉందో లేదో చూద్దాం," అన్నాడు సర్వేయరు. క్వారీ దగ్గర్నుంచి గుట్ట అవతలి పాడి గుడిసెలకు దారి చూపించమన్నాడు.

మూడు తెరల మీదా ఒకటే గీత వచ్చింది. క్వారీ గేటు పక్కనుంచి తిన్నగా గుట్ట ఎక్కి అవతలకు దిగింది.

సర్వేయరు మొహం వెలిగిపోయింది. గుట్ట మీద దారి లేదన్నాడు. మేకలు కూడా చుట్టు తిరిగే పోతాయన్నాడు. పక్కన ఫోను కవర్లు చూసుకుంటున్నవాళ్లు తలలు తిప్పేసరికి గొంతు పెంచి పాలవ్యాను కథ ఎత్తుకున్నాడు. పోయిన వానాకాలంలో పాల డెయిరీ వ్యాను డ్రైవరొకడు ఇలాంటి పెట్టె మాట విని గుట్ట ఎక్కాడు. సగం దూరంలో వ్యాను వెనక్కి జారి పక్కకు ఒరిగింది. పాలన్నీ గుట్టపాలు. ఆ డెయిరీ మేనేజరు స్వయానా తన బావమరిది. డ్రైవరును ఉంచాలా తీసేయాలా అని వాడు వారం రోజులు కొట్టుమిట్టాడుతుంటే, "కళ్లు నెత్తిన పెట్టుకున్నవాణ్ణి ఇంకా మేపుతున్నావా?" అని తను ఒక్క మాట అన్నాడట. మర్నాటికి ఉద్యోగం ఊడిందట. డ్రైవరుకు 'గుట్టెక్కినోడు' అని పేరు పెట్టింది కూడా తనేనట. ఇప్పుడు ఊరంతా అలాగే పిలుస్తోందట.

విన్నవాళ్లు నవ్వారు. భార్య నవ్వలేదు. చేతి తొడుగులు తీసి మడుస్తూ అమ్మాయిని అడిగింది.

"మూడు కంపెనీలూ ఒకేలా ఎలా తప్పు చేశాయమ్మా?"

"వాళ్లెవరూ ఇక్కడికొచ్చి చూడరు మేడం. పాత సర్వే కాగితాలు కొనుక్కుంటారు. అందులో దారి ఉంటే ఇందులోనూ ఉంటుంది."

"అయితే ఆ కాగితం గీసినవాడు వెధవ అన్నమాట," అన్నాడు సర్వేయరు.

భార్య సబ్బుపెట్టెలాంటిదే కొంది. తొడుగు వేసుకుని నొక్కినా దాని మీట పనిచేస్తుంది, ఇంజను మోతలోనూ దాని గొంతు వినిపిస్తుంది. పైగా మూడింటికీ తెలిసింది ఒకటే అయినప్పుడు ఎక్కువ పెట్టడం ఎందుకంది. ఆ మాట సర్వేయరుకు నచ్చింది. ఇల్లు చేరేదాకా ఆ వెధవ ఎవడై ఉంటాడని ఆలోచించాడు. తన తర్వాత వచ్చిన కుర్రసర్వేయర్లను ఒక్కొక్కణ్ణే తలుచుకుని, వీడే అయ్యుంటాడు, కాదు వాడే అని తీర్పులు చెప్పుకున్నాడు. చేతిలో రుజువు ఉంటే బాగుంటుందని, మధ్యాహ్నం భోజనం కాగానే పాత నకళ్లున్న రేకుపెట్టె దించాడు.

క్వారీ గుట్ట కాగితం అడుగున దొరికింది. గుట్ట మీదుగా చుక్కల గీత ఉంది. కింద కుడి మూల సంతకం ఉంది. తనదే.

కాసేపు ఆ సంతకం వంక అది వేరేవాడిదైతే బాగుండునన్నట్టు చూశాడు. తర్వాత మెల్లగా గుర్తొచ్చింది. ఆ రోజు వాన. బూట్లు కొత్తవి. క్వారీ షెడ్డులో కూర్చుని టీ తాగుతూ, పైన దారి ఉందా అని అక్కడి కాపలావాణ్ణి అడిగాడు. మేం పోతుంటాం సార్ అన్నాడు వాడు. నువ్వు పోతే సరేలే అని, చూడకుండానే కాలిబాట గుర్తుగా చుక్కలు పెట్టేశాడు. ఆఫీసులో ఆ చుక్కలను ఎవరో కలిపి బండిదారి గీత చేశారు. గీత పెట్టెల్లోకి ఎక్కింది. పెట్టె మాట విని వ్యాను గుట్టెక్కింది.

ఇన్నేళ్లూ ఎదుటివాళ్లకు పంచిపెట్టిన ఏవగింపంతా ఒక్కసారిగా ఇంటికి తిరిగొచ్చినట్టయింది. కాగితం మడిచి మళ్లీ అడుగున పెట్టేద్దామనుకున్నాడు, పెట్టాడు కూడా. మూత వేస్తుంటే భార్య గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎవరిదండీ సంతకం?"

చెప్పకుండా ఉండటానికి రెండు మూడు విధాలుగా ప్రయత్నించాడు. ఆఫీసు తప్పన్నాడు, కాపలావాడి తప్పన్నాడు, వానన్నాడు. ఆవిడ ఏదీ కాదనలేదు. అంతా విని, కారు తాళాలు తీసుకుని, "పదండి. మా తమ్ముడు ఈ టైముకు ఆఫీసులోనే ఉంటాడు," అంది.

బావమరిదంటే సర్వేయరుకు ఏనాడూ లెక్కలేదు. పాలలో నీళ్లెన్నో తెలుసుకోవడానికి కూడా మిషను కావాలి వాడికి అని ఆడిపోసుకునేవాడు. ఇప్పుడు ఆ బావమరిది బల్ల మీద కాగితం పరిచి, నిలబడే మొత్తం చెప్పాడు. బావమరిది కూర్చోమనలేదు. కాగితాన్ని దగ్గరకు లాక్కుని సంతకం మీద వేలు పెట్టాడు.

"అంటే గుట్ట ఎక్కకుండానే గీశావన్నమాట, బావా."

"ఎక్కలేదు."

"ఎక్కినవాణ్ణేమో నీ మాట మీద తీసేశాను."

డ్రైవరుది అసలు తప్పే లేదనలేనని, కళ్లముందు దారి లేకపోతే ఆగాల్సిందని బావమరిది నసిగాడు. అక్క వైపు చూశాడు. ఆవిడ చూపు తిప్పుకోలేదు. చివరకు, రేపట్నుంచి రమ్మని కబురు పెడతానన్నాడు.

"కబురొద్దు. మీ బావే వెళ్లి చెబుతారు," అంది అక్క.

డ్రైవరు బస్టాండు వెనక బండ్లు కడిగే చోట పని చేస్తున్నాడు. నలభై దాటిన మనిషి, మోకాళ్లదాకా ప్యాంటు మడుచుకుని, చేతిలో నీళ్ల గొట్టంతో ఉన్నాడు. సర్వేయరు బురద తప్పించుకుంటూ వెళ్లి, కాగితం తెరిచి చూపించి, చెప్పాల్సింది చెప్పాడు. చెబుతున్నంతసేపూ అతను తిడితే బాగుండుననిపించింది. తిడితే ఏదో ఒకటి తిరిగి అనొచ్చు. అతను నీళ్లు కూడా ఆపలేదు.

"ఉద్యోగం ఇస్తే వస్తాను సార్. అవసరం ఉంది," అన్నాడు. ఇంకో చక్రం మీదికి గొట్టం తిప్పాడు. "ఆ పేరు సంగతేంటి? మా పాపను స్కూల్లో గుట్టెక్కినోడి కూతురంటున్నారు. దానికెవరిని అడగాలి?"

సర్వేయరు కాగితం మడిచాడు. రేపు స్కూలుకు వెళ్లి టీచరుతో మాట్లాడతానన్నాడు. మాట బయటికొచ్చాక, తను వెళ్లి ఏం మాట్లాడినా పిల్లలు ఇంకాస్త నవ్వుతారు తప్ప మరేం కాదని తనకే తెలిసింది. డ్రైవరుకూ తెలిసినట్టుంది. ఆ ముసలాయన్ను మొదటిసారి నిదానంగా, పైనుంచి కిందిదాకా చూశాడు.

"మీకెందుకు సార్ శ్రమ. కాస్త పక్కకు జరగండి, నీళ్లు పడతాయి."

సర్వేయరు జరిగాడు.