తిరిగొచ్చిన సర్వరు

మా పాత ఆఫీసు గదికి కిటికీ ఉండేది కాదు. సర్వర్ల గదికీ మాకూ మధ్య ఒక చెక్క గోడ అడ్డం. అవతల అవి రొద పెడుతుంటే ఇవతల మేం గొంతు పెంచి మాట్లాడుకునేవాళ్లం. ఆ అలవాటు నాకింకా పోలేదు, ఇంట్లోవాళ్లు చెవులు మూసుకుంటారు. మూసుకోనీ. ఆ గదిలో మా వదినతో పోట్లాడిన రోజులే నా ఉద్యోగంలో మంచి రోజులు. తర్వాత వచ్చిన అద్దాల గదులన్నీ దాని ముందు దిగదుడుపే.

వదిన అంటే మా అన్నయ్య భార్య. నన్ను ఆ ఉద్యోగంలోకి లాక్కొచ్చింది తనే. డేటా ఎంట్రీలో టైపు కొడుతూ చేరి, దొరికిన ప్రతి మాన్యువలూ చదివి, డిజైన్ లీడ్ దాకా వచ్చిన మనిషి. ఆ హోదా అంటే తనకి ప్రాణం. పైకి అనేది కాదు గానీ, ఎవరైనా లీడ్ ఎవరని అడిగితే చాలు, మొహం వెలిగిపోయేది.

మేం చేస్తున్నది ఆసుపత్రుల వెబ్‌సైటు. రోగి తరఫున ఎవరో ఒకరు కూర్చుని పేజీలకు పేజీలు నింపుతుంటారు: ఏ మందు పడదు, ఇదివరకు ఏ ఆపరేషన్ అయింది. ఎంతవరకు నింపారో సర్వరు గుర్తుపెట్టుకుంటుంది, దాన్నే సెషన్ అంటాం. ఆ సర్వరు ఆగిపోయినా, దాని తీగ ఊడినా ఆ మనిషి మళ్లీ మొదటికి రావాల్సిందే. అందుకని ప్రతి సర్వరుకూ ఒక జోడీని పెట్టి, దీని సెషన్లను అందులో కూడా ఎప్పటికప్పుడు రాయించాలన్నది వదిన ఆలోచన. ఇది ఆగితే ఆ జోడీ అక్కడినుంచి అందుకుంటుంది.

"ఒక్క జోడీ ఏంటి, అన్నిటికీ పంపిస్తే పోలా?" అన్నాను మొదట్లో.

"పంపు. నువ్వూ మీ అన్నయ్యా కబుర్లలో పడితే ఫోన్ మోగినా ఎవరూ ఎత్తరు చూడు, అలా తయారవుతుంది. సర్వర్లన్నీ ఒకదానికొకటి చెప్పుకుంటూ కూర్చుంటే, వచ్చినవాళ్లకి జవాబెవరు చెప్తారు?"

రోజూ పొద్దున ఇల్లు కదిలేముందు, డిజైన్‌లో ఏం మారిందో ఒకరికొకరం అప్పజెప్పుకునేవాళ్లం. మారనిది చెప్పకూడదు. నేను సోది మొదలుపెడితే "అది నిన్నటిది" అని నా నోరు మూయించేది. వదినకు నెలలు నిండి పుట్టింటికి వెళ్లాక ఆ అప్పజెప్పుకోవడం ఆగిపోయింది. ఫోన్ చేస్తే పాప ఏడుపు తప్ప ఇంకేం వినపడేది కాదు.

మా మేనేజరు చేతి గడియారం చూడకుండా మాట పూర్తి చేయలేడు. అందుకే మాకాయన గడియారం సార్. వదిన సెలవు పెట్టిన రోజు నన్ను పిలిచి, "ఈలోగా డిజైన్ నువ్వు చూడమ్మా" అన్నాడు. కొన్ని నెలలు గడిచేసరికి 'ఈలోగా' అనడం మానేశాడు. ఆయన ఉద్దేశం నాకు తెలియక కాదు. మీటింగు జరిగిన ప్రతిసారీ "లీడ్ మా వదిన సార్" అని గుర్తుచేసేదాన్ని. ఆయన గడియారం చూసుకునేవాడు, నాకు ఒళ్లు మండేది.

అప్పటికి డిజైన్‌లో ఒక్క చిక్కు మిగిలింది. ఆగిపోయిన సర్వరు బాగుపడి తిరిగొస్తే దాని సెషన్లు ఎవరి చేతిలో ఉండాలి? నేను క్షణం కూడా ఆలోచించలేదు. ఎవరివి వాళ్లకిచ్చేయాలి. వచ్చిన సర్వరు తనవన్నీ వెనక్కి తీసుకోవాలి, దాని మాటే చెల్లాలి, జోడీ నోరెత్తకుండా తప్పుకోవాలి. రాస్తున్నంతసేపూ గడియారం సార్ మొహమే కళ్ల ముందు ఆడింది. కసిగా రాశాను.

వదిన తిరిగొచ్చిన రోజే పరీక్ష పెట్టుకున్నాం. "ముందు అదవనీ, లీడ్ సంగతి తర్వాత తేలుద్దాం" అన్నాడు సార్.

వదిన రోగి బంధువులా కూర్చుని రెండు పేజీలు నింపింది. నేను సర్వరు తీగ పీకాను. జోడీ చక్కగా అందుకుంది. మూడో పేజీలో వదిన 'ఈ ఇంజెక్షన్ పడదు' అని రాసింది. తీగ మళ్లీ తగిలించాను. తెరమీద మూడో పేజీ ఖాళీగా కనిపించింది.

"ఏదీ, ఏం రాశావో చూపించు" అంది. చదువుతూ చదువుతూ నవ్వింది. "ఇది సర్వరుకి రాశావా, నాకు రాశావా?"

నా మొహం మాడిపోయింది. "నీది నీకు రావాలి కదా వదినా."

"ఇంతసేపూ అది తీగ ఊడి ఎక్కడో పడుంది. ఇంజెక్షన్ పడదన్న సంగతి దానికేం తెలుసు? పాత సంగతి పట్టుకొచ్చి కొత్తదాన్ని చెరిపేస్తే అవతల మనిషి ప్రాణం పోద్ది పిల్లా."

"అయితే తిరిగొచ్చింది ఏం చేయాలి?"

వదిన తెరమీది ఖాళీ పేజీ వైపు తిరిగింది. జవాబు ఎక్కడికి దారితీస్తుందో తనకు తెలుసు, నాకూ తెలుసు. అడగకుండా ఉండాల్సిందని నాలుక కరుచుకున్నాను.

"జోడీగా చేరాలి," అంది చివరికి. "ఇప్పుడు నడుపుతున్నదాని దగ్గర ఏం మారిందో అంతా తెలుసుకోవాలి. మళ్లీ అవసరం వస్తే అప్పుడు దీని వంతు." నా చేతిలోంచి కీబోర్డు లాక్కుని, నేను రాసింది కొట్టేసి, ఆ మాటే టైపు చేసింది. రెండోసారి మూడో పేజీలో ఒక్క అక్షరం పోలేదు.

సార్ వచ్చి చూసి తల ఊపాడు. "మరి లీడ్ ఎవరమ్మా?"

నేను నోరు తెరిచేలోపే వదిన "తనే సార్" అంది.

"నాకొద్దు" అన్నాను. నిజంగానే వద్దు నాకు. ఇన్ని నెలలు కుక్క కాపలా కాసింది నాకోసమా?

"నిన్నెవరు అడిగారు?" అంది వదిన, నా వైపు చూడకుండా. "నేను లేనప్పుడు సగం డిజైన్ మారింది. ఇప్పుడు నేను పెత్తనం చేస్తే ఏం చెరిపేస్తానో నాకే తెలీదు."

సాయంత్రం బస్సులో ఇద్దరం ఒకే సీట్లో కూర్చున్నాం. వదిన కిటికీ వైపు తిరిగి కొంగుతో కళ్లొత్తుకుంటోంది.

"ఆ జోడీ రూల్ తీసేద్దాం వదినా. ఇంకోలా ఏదో ఒకటి ఆలోచిద్దాం" అన్నాను.

"రూల్ కరెక్టే," అంది. "అందుకే ఏడుస్తున్నాను."