ఆఖరి బెంచీ కొవ్వొత్తి

పేపరు కప్పు అడుగున మేకుతో చిల్లి పొడిచిన ప్రతిసారీ టోబియాకు ఒకప్పటి గని నేస్తం ఆంబ్రోసియో మొహమే కనబడుతోంది. చిల్లి పొడవడం, అందులోంచి కొవ్వొత్తి దూర్చడం, పక్కన పెట్టడం. చర్చి వంటగదిలో పొద్దుటినుంచీ ఇదే పని. కప్పు లేకపోతే రాత్రి మైనం జనం చేతుల మీద కారుతుంది. చేతుల సంగతి వాళ్లు చూసుకుంటారు. నేల మీద కారితే మాత్రం ఈస్టర్ వెళ్లాక మోకాళ్ల మీద కూర్చుని గీకవలసినవాడు తనే.

"మెల్లిగా పొడవరా నాయనా. ఆ కప్పేం చేసింది నిన్ను?" అంది అగాథా. ఆమె పొయ్యి ముందు పీట వేసుకుని పెద్ద డేగిసాలో పండగ గుడ్లు ఉడికిస్తోంది. కిటికీ అవతల కొండ మీద మంచు ఇంకా పూర్తిగా కరగలేదు.

టోబియా ఇంకో కప్పు తీసుకున్నాడు.

"వాడొచ్చాడు, తెలుసా?"

"ఎవడు?"

"ఎవడో నీకు తెలుసులే. ఆస్పత్రివాళ్ల కాళ్లావేళ్లా పడి వచ్చాడట. కూతురు లూసియా ఇంట్లో దిగాడు. ఇవాళ రాత్రి ఈస్టర్ జాగరణకు తీసుకెళ్లమని ఒకటే పోరట."

"వస్తే రానీ అక్కా. చర్చి నాదా, మా అయ్యదా?"

"నిన్ను చూడాలంటున్నాడట."

"నన్ను చూస్తే ఏముంది? నుదుటి మీద బొగ్గు మచ్చలు. వాడికీ ఉన్నాయిగా, అద్దంలో చూసుకోమను."

అగాథా నవ్వబోయి, అతని మొహం చూసి మానేసింది.

ఆ మచ్చలు నీలంగా, కందిగింజలంత ఉంటాయి. గనిలో తగిలిన దెబ్బ మానేలోపు బొగ్గుపొడి చర్మం కింద చేరిపోతే ఇక పోదు. ఊరు మొత్తానికి గనే అన్నం పెట్టినన్నాళ్లు అలాంటి మచ్చ లేని మగవాడే కనబడేవాడు కాదు. గని మూసేశాక కుర్రకారు పట్నం వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు దగ్గుతూ మిగిలారు. టోబియా చర్చిలో ఊడ్చే పనికి కుదిరాడు. మెట్లెక్కితే రొమ్ములో పిల్లనగ్రోవి ఊదినట్టు ఉంటుంది. సగం మెట్ల మీద ఆగి, ఏదో మరిచిపోయినవాడిలా జేబులు తడుముకుంటూ ఊపిరి కూడగట్టుకుంటాడు.

ఒకసారి సొరంగం కూలి ఆంబ్రోసియోతో కలిసి లోపల చిక్కుకున్నాడు. ఇద్దరి టోపీలకూ దీపాలున్నాయి. ఆంబ్రోసియో టోబియా దీపం ఆర్పించాడు. "ఒకటి చాలురా. రెండూ వెలిగిస్తే దండగ," అన్నాడు. ఒకరి దీపం నీరసించాక ఇంకొకరిది. అలా పైనుంచి గడ్డపార చప్పుడు వినబడేదాకా ఒక్క వెలుగులోనే కూర్చున్నారు. అప్పటినుంచి టోబియా అతన్ని అన్నా అనే పిలిచాడు. గని మూసినప్పుడు చేతికొచ్చిన డబ్బుతో ఇద్దరూ కలిసి కొండమలుపులో క్యాబేజీ పొలం కొన్నారు. కాగితాలు రాసుకునే రోజున టోబియా ఆస్పత్రిలో ఉన్నాడు. "నా పేరున రాయిస్తాలే, మన మధ్య ఏముంది?" అన్నాడు ఆంబ్రోసియో. తర్వాత ఆ పక్కగా రిసార్టు రోడ్డు వచ్చింది. ఆంబ్రోసియో పొలం అమ్మేసుకున్న సంగతి టోబియాకు బస్టాండులో ఎవరో చెప్పారు.

అన్నా అనే మాట అక్కడితో పోయింది.

మధ్యాహ్నం కుర్ర ఫాదర్ వెతుక్కుంటూ వచ్చాడు. "టోబియా గారూ, ఈ పండక్కైనా పాపసంకీర్తనంలో మనసులోది చెప్పుకుంటారా? ఇంకా కాసేపు కూర్చునే ఉంటాను."

"నేలకు పాలిష్ పెట్టాలి, ఫాదర్."

"పోయిన ఏడూ నేలే అన్నారు."

"నేల ఎక్కడికీ పోలేదుగా, ఫాదర్."

ఆయన ఒక నిట్టూర్పు విడిచి రాత్రి సంగతి ఇంకోసారి చెప్పాడు. మహిమ గీతం గంట మోగగానే ముందు పీఠం దీపాలు, తర్వాత నడిమివి, ఆఖరున పక్కగోడలవి. వరస తప్పకూడదు. ఇన్నాళ్లూ మీటల పెట్టె పీఠం వెనక గదిలో ఉండేది. జాగరణ రాత్రి టోబియా ఆ గదిలో తలుపేసుకుని కూర్చుని, గంట వినబడగానే మీటలు నొక్కేవాడు. బయట చీకట్లోకి వెలుగు ఎలా వస్తుందో ఎన్నడూ చూడలేదు. చూడాలని పెద్దగా అనిపించనూ లేదు. ఈ చలికాలం మరమ్మతుల్లో మీటలన్నీ వెనక గోడకు, ఆఖరి బెంచీ పక్కకు మార్చారు. అన్నీ ఒకేలాంటి తెల్ల మీటలు. టార్చి పెట్టి చూస్తే తప్ప ఏది ఏదో తెలియదు. ఆ టార్చిని కూడా సాయంత్రం ఆర్గన్ వాయించే పిల్ల అడిగి పట్టుకుపోయింది.

పొద్దు గుంకాక జనం వచ్చారు. అందరికంటే వెనకగా లూసియా తండ్రిని నడిపించుకొచ్చి ఆఖరి బెంచీలో కూర్చోబెట్టింది. ఒకప్పుడు దూలాలు ఒంటిచేత్తో ఎత్తిన మనిషి, ఇప్పుడు కోటు వేలాడదీసిన కొయ్యలా ఉన్నాడు.

"బాబాయ్, నాన్న ఆక్సిజన్ సీసా కారులోనే వదిలేశాడు," అంది లూసియా గొంతు తగ్గించి. "నిప్పు దగ్గర అది కూడదు కదా. కొవ్వొత్తి పట్టుకుని తీరతాడట. డాక్టరు తిట్టాడు, నేనూ తిట్టాను. వింటేనా? నాకు పీఠం దగ్గర పాఠం చదివే పనుంది. కాస్త కనిపెట్టి ఉండండి."

టోబియా తలూపాడు. పిల్లేం చేసిందని?

మీటలు నొక్కి దీపాలన్నీ ఆర్పాడు. ఇదొక చీకటా, అనుకున్నాడు. గనిలో చీకటైతే కంటికి ఆని ఉంటుంది. తలుపు తెరుచుకుంది. వాకిట్లో రాజేసిన కొత్త నిప్పుతో వెలిగించిన పెద్ద పాస్కా పండగ కొవ్వొత్తిని ఎత్తిపట్టుకుని ఫాదర్ లోపలికి వచ్చాడు. క్రీస్తు జ్యోతి అని పాడాడు. చీకట్లోంచి జనం బదులు పాడారు. ముందు బెంచీలో ఒక కొవ్వొత్తి అంటుకుంది, దాన్నుంచి ఇంకొకటి. ఒక్కొక్క మొహమే చీకట్లోంచి బయటపడుతూ వెలుగు వెనక్కి నడిచి వచ్చింది. అగాథా మొహం కూడా వెలిగింది. రోజూ చూసే ముసలిదే, ఎవరో పెళ్లికూతురిలా ఉంది.

ఆఖరున ఆంబ్రోసియో కొవ్వొత్తి వెలిగింది. అతను నడుము పట్టుకుని మెల్లిగా గోడవైపు తిరిగి, దాన్ని టోబియా వైపు చాచాడు.

టోబియా తల తిప్పుకున్నాడు.

బైబిలు పాఠాలు మొదలయ్యాయి. సృష్టి అయింది. సముద్రం చీలింది. ఆంబ్రోసియో చెయ్యి కాసేపు ఒళ్లోకి దిగుతుంది, మళ్లీ లేస్తుంది. అతని ఊపిరి చప్పుడు పాఠం మధ్యలో వినబడుతోంది. లూసియా చదవడం ముగించి కూర్చుంది. ఇంకొక్క పాఠం తర్వాత గంట మోగుతుంది. గోడ నీడలో మీటలు కనబడటం లేదు. టోబియా వేళ్లతో తడిమాడు. అన్నీ ఒకేలా తగిలాయి. జేబులోంచి తన కప్పు, కొవ్వొత్తి తీశాడు. నిప్పు అడగడానికి ఆ చుట్టుపక్కల ఇంకో మనిషి లేడు.

వంగి, వత్తిని ఆ మంటకు ఆనించాడు.

"అప్పుడు ఒకటే చాలన్నాను," అన్నాడు ఆంబ్రోసియో. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు. "ఇవాళ రెండూ... వెలిగించుకోవచ్చులేరా."

పొలం మాట అతను ఎత్తలేదు. టోబియా అడగనూ లేదు. గోడవైపు తిరిగి కొవ్వొత్తి ఎత్తి పట్టుకున్నాడు.

గంట మోగింది. పీఠం, నడిమివి, పక్కగోడలు. ఒక్కటి తప్పలేదు. చర్చి అంతా తెల్లగా వెలిగింది. పాట పైకప్పుకు తగిలింది. పాడుతూనే జనం కొవ్వొత్తులు ఊదేసుకున్నారు.

ఆఖరి బెంచీలో ఒకటి ఇంకా వెలుగుతోంది. పక్కకు వాలిపోయి, కప్పు అంచు మీదుగా పాలిష్ పెట్టిన నేల మీద మైనం కారుస్తోంది.

"అన్నా, ఆర్పు. మైనం కారుతోంది," అన్నాడు టోబియా.

అన్నాక గాని తను ఏమని పిలిచాడో తెలియలేదు. ఆంబ్రోసియో పలకలేదు. తల గోడకు ఆనుకుని ఉంది. కళ్లు సగం తెరిచి పీఠం వైపే చూస్తున్నాయి. టోబియా తన కొవ్వొత్తిని అతని ముక్కు దగ్గర పెట్టాడు. గనిలో ఎందరికో ఊపిరి ఉందో లేదో చూసినవాడే. మంట నిటారుగా నిలబడింది. ఎంతసేపు చూసినా అటూ ఇటూ కదల్లేదు.

ముందు వరసలో లూసియా తలెత్తి పాడుతోంది. ఆ పిల్లను ఆ పాట పూర్తి చెయ్యనిద్దామనుకున్నాడు. పక్కన కూర్చుని, కొవ్వొత్తి జారిపోకుండా ఆంబ్రోసియో వేళ్ల మీద తన వేళ్లు మూశాడు. ఆ వేళ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

సోమవారం చర్చిలో ఎవరూ లేరు. టోబియా మోకాళ్ల కింద పాత గోనె వేసుకుని మైనం గీకాడు. ఆగి ఊపిరి పీల్చుకున్నాడు, మళ్లీ గీకాడు. ఆఖరి బెంచీ కిందది అన్నిటికంటే మందంగా గట్టిపడింది. దాన్నీ గీకేశాడు. లేవబోయి బెంచీ పట్టుకుంటే చేతికి ఆంబ్రోసియో కప్పు తగిలింది. కొండమలుపులో పోయిన క్యాబేజీ పొలం ఆ ఊరి కొలతలో ఆరు వందల నలభై ప్యోంగులు, అంటే సుమారు అర ఎకరం, అందులో తన సగం మూడు వందల ఇరవై. బెంచీ మీద తనకు మిగిలినది అడుగున చిల్లి పొడిచిన పేపరు కప్పు, అందులో బొటనవేలంత కొవ్వొత్తి.